కుడి చేతిలో ఎడమ సగం

నా ఎడమ చెయ్యి పడిపోయిన పొద్దున నేను ఎవరిదో పెళ్లి కార్డు కంపోజ్ చేస్తున్నాను. మాఘమాసం ముహూర్తాలు. చిలకలూరిపేటలో మా ప్రెస్సుకి ఆ నెలంతా ఊపిరాడదు. తెర మీద అక్షరాలు సగం సగమే పడుతున్నాయి. వధువు తండ్రి పేరు కొడితే కుడిచేతి వైపు అక్షరాలే వస్తున్నాయి, ఎడమవైపువి రావడం లేదు. కీబోర్డు పోయిందనుకున్నాను. వెనక కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే పెద్దాయన్ని పిలిచి, "బాబాయ్, ఈ కీబోర్డు సగం పోయింది, ఇంకోటి తెచ్చిపెట్టు" అన్నాను. అన్నాననే అనుకున్నాను. ఆయనకి మాటలు వినపడలేదట, ముద్దముద్దగా ఏదో శబ్దం వినిపించిందట. ఆయన వచ్చి కీబోర్డు వైపు చూడలేదు. నా మొహంలోకి చూసి, చేతిలో ఉన్న కాగితాల బొత్తి కింద పడేశాడు.

అప్పుడు చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి ఎప్పుడు జారిందో, ఒళ్లో పడి ఉంది. ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులాగా.

నాకప్పుడు నలభై దాటి ఎక్కువ కాలేదు. గుంటూరు ఆసుపత్రిలో కొన్ని వారాలున్నాక మూతి సర్దుకుంది, మాట తిరిగింది, కాలు కొంచెం ఈడుస్తూ నడవగలిగాను. చెయ్యి మాత్రం రాలేదు. భుజం కొద్దిగా లేస్తుంది. వేళ్లు లేవవు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ "వస్తుంది మేడం, వస్తుంది" అనేది. ఒకరోజు అనడం మానేసింది. అబద్ధం ఆపినందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంటికొచ్చాక జనం మొదలయ్యారు. బత్తాయిలు, కొబ్బరి బోండాలు, కుర్చీ లాక్కుని కూర్చుని నిట్టూర్పులు. "పోనీలే అమ్మా, కుడి చెయ్యి మిగిల్చాడు దేవుడు." "ఇన్నాళ్లూ కష్టపడ్డావు, ఇక కూర్చుని టీవీ చూసుకో." "పాపం, మెషీన్‌లాగా కొట్టేది టైపు." నేను అక్కడే ఉండగా నా గురించి "కొట్టేది" అంటున్నారు. నాకు ఒళ్లు మండేది. మండినా నోరు ఇంకా పూర్తిగా నా వశంలోకి రాలేదు. తిట్టాలనుకున్న మాట బయటికొచ్చేసరికి వాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోయేవాళ్లు.

నా బదులు మా అత్తయ్య తిట్టేది. మా అత్తయ్యకీ నాకూ పెళ్లయిన దగ్గర్నుంచి పెద్దగా పొసగలేదు. ఆవిడ మనిషే అంత, నోటి దురుసు. చిన్నప్పటి నుంచీ మిరపకాయల పని. కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకి ముచ్చికలు తీస్తారే, ఆ పనిలో ఆవిడ జీవితమంతా గడిచింది. పిల్లలు పుట్టలేదని నన్ను దెప్పిన రోజులు నాకు గుర్తే. కానీ ఆ నెలల్లో పరామర్శకొచ్చినవాళ్లు గడప దిగకముందే, "ఏందే వీళ్ల ఏడుపు? మనిషి ఎదురుగా కూర్చోనుంటే మాసికం పెట్టినట్టు మాట్లాడతారేంది?" అని వాళ్లకి వినపడేటట్టే అనేది. ఒకావిడ చెవిన పడి మళ్లీ మా ఇంటికి రాలేదు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కాలు కాస్త కుదురుకున్నాక ప్రెస్సుకి వెళ్లాను. మా ఓనర్ చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి వచ్చి, "మీ కుర్చీ మీకే ఉంటుందమ్మా" అన్నాడు. వెళ్లి చూస్తే ఆ కుర్చీలో ఒంగోలు నుంచి కాపురానికొచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఓనర్ ఆవిణ్ని కూర్చోమని సైగ చేసి, నన్ను కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"మీరు ఇక్కడ కూర్చోండమ్మా. వచ్చినవాళ్లకి కార్డు మోడళ్లు చూపించండి. నలుగురితో మాట్లాడినట్టుంటుంది."

"నాకు కంపోజింగ్ వచ్చండీ. మోడళ్లు చూపించడం ఎవరికైనా వచ్చు."

"ఒంటి చేత్తో ఎట్లా అమ్మా?"

"చూపిస్తాను" అన్నాను.

ఖాళీగా ఉన్న రెండో సిస్టమ్ ముందు కూర్చున్నాను. పల్చటి కీబోర్డు. నొక్కితే నొక్కినట్టు తెలీదు, అట్ట ముక్కను తడిమినట్టుంటుంది. కుడి చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు పెట్టింది. తప్పులు, దిద్దుకోవడం, మళ్లీ తప్పులు. 'శుభలేఖ' అన్న ఒక్క మాట పడేసరికి ప్రెస్సులో చప్పుడంతా ఆగిపోయింది. కటింగ్ మిషన్ బాబాయ్ కూడా మిషన్ ఆపేశాడు. అందరూ ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు, నడక నేర్చుకునే పిల్లని చూసినట్టు. కార్డు కోసం వచ్చిన ఒక పెద్దమనిషి "అయ్యో పాపం" అన్నాడు.

లేచిపోయాను. ఏడుపొస్తే వాళ్లెదురుగా రాకూడదని వెనక దొడ్లోకి నడిచాను.

అక్కడ పాత ఇనప సామాన్ల వాడి కోసం పోగేసి పెట్టిన కుప్ప ఉంది. మేడ మీద ఒకప్పుడు కంప్యూటర్ టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిచేది, అది మూతపడింది. గదులు ఖాళీ చేసి చెత్తంతా కిందకి దించారు. విరిగిన స్టూళ్లు, బొజ్జలున్న పాత మానిటర్లు, వాటి కింద పసుపు తిరిగిపోయిన కీబోర్డులు కొన్ని. ఇటుకంత బరువువి. నేను టైపు నేర్చుకున్నది అట్లాంటి వాటి మీదే. వంగి ఒక కీ నొక్కాను. టక్‌మంది. వేలి కింద ఒక చిన్న మెట్టు దిగినట్టు తెలిసింది. పక్కది నొక్కాను, అదీ టక్‌మంది. వర్షానికి తడిసి, ఎండకి ఎండి, పైన కోళ్లు తిరిగినా ఆ మీటలు ఇంకా పలుకుతున్నాయి.

మంచంలో ఉన్న రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఏ దేశం మనిషో, ఫ్యాక్టరీలో చెయ్యి పోగొట్టుకున్నాడు. తనకి తానే సగం కీబోర్డు తయారు చేసుకున్నాడు. ఒక్క చేతికి సరిపోయేంత. బొటనవేలితో ఒక మీట నొక్కి పట్టుకుంటే ఆ సగమే రెండో సగం అయిపోతుంది. వదిలేస్తే మళ్లీ మొదటి సగం. ఆయన మాట ఒక్కటీ నాకర్థం కాలేదు, కానీ వేళ్లు అర్థమయ్యాయి. ఎడమ చూపుడువేలు చేసే పని కుడి చూపుడువేలు చేస్తోంది, అద్దంలో చూసినట్టు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఓనర్ నన్ను వెతుక్కుంటూ దొడ్లోకి వచ్చాడు. "ఇవి నేను తీసుకెళ్తున్నాను" అన్నాను.

"అవెందుకమ్మా? ఇప్పటి సిస్టమ్‌లకి వాటి వైరు కూడా పట్టదు."

"వైరు నాకక్కర్లేదు."

ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా అత్తయ్య వసారాలో కూర్చుని ఉంది. "ఏందే ఈ ఇనప సామాను? నిన్ను పనిలోకి పంపితే చెత్త ఏరకొచ్చావా?" అంది.

"పనిలోకే తెచ్చాను అత్తయ్యా" అని, నేను ఏం చేయదలచుకున్నానో చెప్పాను. ఆవిడ సగం వినింది. చివరికి, "అంటే ఈ గుండీలన్నీ పీకాలి. అంతేగా?" అంది.

అంతే.

మా తమ్ముడికి చీరాలలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టుంది. ఫోన్ చేస్తే ఆదివారం వచ్చాడు. సోల్డరింగ్ ఐరన్, కరిగిన లెడ్డు లాగేసే చిన్న పంపు, పాత మల్టీమీటర్ తెచ్చాడు. తెచ్చి కూడా, "అక్కా, ఇంత అవస్థెందుకు? ఆన్‌లైన్‌లో కొత్త స్విచ్చులు బోలెడు దొరుకుతాయి, నేను కొనిస్తా" అన్నాడు.

"ఇందులో ఉన్నవాటికి ఏమైందిరా?"

"ఏం కాలేదు. పాతవి."

"నేనూ కొత్తదాన్ని కాదు" అన్నాను. అనేసి, అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఎవరైనా వచ్చి నన్నూ ఆ కీబోర్డులనీ ఒక గాటన కట్టి మాట్లాడతారని నాకప్పటికే భయం. తర్వాత నిజంగానే ఒకడొచ్చాడు, చెప్తాను. అసలు కారణం చాలా మామూలుది. పల్చటి కీబోర్డు మీద నొక్కానో లేదో తెలీక కుడి చెయ్యి గట్టిగా కొట్టి కొట్టి అలిసిపోతోంది. ఈ స్విచ్చులు తగలగానే చెప్పేస్తాయి. ఉన్నది ఒక్క చెయ్యి, దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. దాన్ని కూడా పాడు చేసుకోదలచుకోలేదు.

తమ్ముడు ఆ రోజంతా ఉండి పని చూపించాడు. పైన అక్షరాలున్న మూతలు లాగేస్తే కింద నల్లటి చిన్న పెట్టెల్లాగా స్విచ్చులుంటాయి. ఒక ఇనప రేకులో బిగించి ఉంటాయి. ప్రతి స్విచ్చుకీ వెనక రెండు కాళ్లు. ఆ కాళ్లు కింద పచ్చ బోర్డుకి లెడ్డుతో అతికి ఉంటాయి. లెడ్డు కరిగించి, పంపుతో పీల్చేసి, కాళ్లన్నీ విడిపించాక బోర్డు ఊడి వస్తుంది. అప్పుడు ఒక్కో స్విచ్చుని రెండు పక్కలా నొక్కి రేకులోంచి పైకి లాగాలి.

రెండు చేతులున్నవాళ్లకే అది ఓపికతో చేసే పని. నాకు ఒక చేత్తో ఐరన్ పట్టుకుంటే పంపు పట్టుకోడానికి చెయ్యి లేదు. కీబోర్డుని పీట మీద బోర్లించి, మా అత్తయ్య ఎదురుగా కూర్చుని పంపు పట్టుకుంది. నేను కరిగిస్తాను, "ఇప్పుడు" అంటాను, ఆవిడ పంపు మీట వదుల్తుంది. మొదట్లో నేను "ఇప్పుడు" అనేసరికి ఆవిడ "ఆఁ?" అనేది, ఈలోగా లెడ్డు మళ్లీ గడ్డకట్టేది. మొదటి కీబోర్డు పూర్తిగా నాశనం చేశాం. బోర్డు మీద రాగి గీతలు లేచిపోయాయి, నాలుగైదు స్విచ్చులు వేడికి కరిగి వంకరపోయాయి. ఒకసారి ఐరన్ జారి ఆవిడ వేలి కణుపు మీద పడింది. నేను బెదిరిపోయాను. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని, "మిరపకాయ మంట కంటే ఎక్కువేంది ఇది? కానియ్" అంది.

రెండో దానికి మా ఇద్దరికీ లయ కుదిరింది. "ఇప్పుడు" అనడం కూడా మానేశాను. నా భుజం కదలిక చూసి ఆవిడకి తెలిసిపోయేది. ఇరవయ్యేళ్లు ఒకే వంటింట్లో తిరిగి ఒకరికొకరు అడ్డం పడిన మేము, ఒక పీటకి అటొకరు ఇటొకరు కూర్చుని, మధ్యాహ్నాలన్నీ అట్లా గడిపాం. రేకులోంచి స్విచ్చులు లాగడానికి ఆవిడ సైకిల్ పుల్లని వంచి పటకారులా చేసుకుంది. ముచ్చికలు తీసిన వేళ్లు. ఒకసారి చెయ్యి తిరిగాక నా వైపు చూడకుండా, పక్కింటావిడతో మాట్లాడుతూనే టకటకా లాగేసేది.

ఒక స్విచ్చు మూత విప్పి చూశాను. లోపల సన్నటి స్ప్రింగు, చిన్న రాగి రేకు, ఎర్రటి దుమ్ము. మిరప దుమ్మే. ఆ ఇన్‌స్టిట్యూట్ కిటికీలు మార్కెట్ రోడ్డు వైపుండేవి, సీజన్‌లో టిక్కీల లారీలన్నీ మిరప బస్తాలతో ఆ కిందనుంచే పోతాయి. ఊదగానే ఇద్దరం తుమ్ములు మొదలుపెట్టాం. కీ మూతల్ని అత్తయ్య కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో తోమి, చేటలో ఆరబోసింది. స్విచ్చుల్ని నేను మల్టీమీటర్‌తో పరీక్షించాను. బాగున్నది నొక్కితే మీటర్ కుయ్‌మంటుంది. పలకనివి పక్కన పెడితే ఆవిడ వాటిని "తాలు" అంది. రంగుపోయిన మిరపకాయల్ని అట్లాగే అంటారు. మొదటి రకం, రెండో రకం, తాలు అని మూడు కుప్పలయ్యాయి. తాలువి కూడా పారేయనివ్వలేదు ఆవిడ. వాటిలోంచి స్ప్రింగులు తీసి రెండో రకం వాటికి వేశాం. కొన్ని మొదటి రకంలోకి ఎక్కాయి.

ఈ పనంతా మా ఆయనకి ఇష్టం లేదు. ఆయన పత్తి బేళ్ల ట్రాన్స్‌పోర్ట్‌లో మినీ లారీ నడుపుతాడు. పొద్దున వెళ్తే రాత్రికి వస్తాడు. నన్ను పల్లెత్తు మాట అనడు. కానీ డాక్టరు "టెన్షన్ పనికిరాదు" అన్నమాట ఆయన బుర్రలో మేకులా దిగిపోయింది. నేను దేనిమీదైనా వంగి కూర్చుంటే చాలు, వచ్చి మొహంలోకి చూసేవాడు, మూతి తిన్నగా ఉందా లేదా అని. ఒకరోజు పనికి కూర్చుంటే ఐరన్ కనపడలేదు. ఇల్లంతా వెతికాం. చివరికి బియ్యం డ్రమ్ములో దొరికింది.

ఆయన ఇంటికి రాగానే అడిగాను. "ఐరన్ బియ్యంలోకి నడుచుకుంటూ వెళ్లిందా?"

ఆయన బూట్లు విప్పుతూ తల వంచుకున్నాడు. "ఎందుకే ఇదంతా? నేను తెస్తున్నాను కదా. నిన్నెవరైనా ఏమన్నారా ఇంట్లో?"

"ఏమీ అనకపోవడమే నాకు బాగాలేదు."

"మళ్లీ వస్తే? ఈసారి కుడి వైపు వస్తే?"

ఆ మాట ఆయన నోటివెంట మొదటిసారి వచ్చింది. నేను రోజూ అనుకునే మాటే. పడుకునే ముందు కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ ఆడించి చూసుకుంటాను.

"వస్తే వస్తుంది. వస్తుందని ఇప్పట్నుంచే ఆ చెయ్యి కూడా ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటారా? అప్పుడు రెండు చేతులూ పడిపోయినట్టే కదా. అది రోగం చేసింది కాదు, మీరు చేసింది అవుతుంది."

గట్టిగానే అన్నాను. వాకిట్లో వాళ్లు కూడా వినుంటారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల్నుంచి మా అత్తయ్య, "ఏరా, ఇంకోసారి నా బియ్యంలో చెయ్యి పెట్టావంటే చూడు. నీ లారీ తాళం తీసుకెళ్లి బావిలో పడేస్తా" అంది. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మర్నాడు ఐరన్ పెట్టుకోడానికి ఒక ఇనప స్టాండు తెచ్చి, పీట పక్కన పెట్టి వెళ్లాడు.

ఒక కీబోర్డు ఇనప రేకుని వెల్డింగ్ షాపులో మధ్యకి కోయించి, కుడి సగం ఉంచుకున్నాను. కన్నాలు ఎట్లాగూ ఉన్నాయి. మొదటి రకం స్విచ్చులు వాటిలో దించాం. వెనక సన్నటి వైర్లతో అన్నిటినీ కలిపి, తమ్ముడు తెప్పించిన, ఏ మీట నొక్కామో కంప్యూటర్‌కి చెప్పే వేలెడు బోర్డుకి అతికించాం. ఆ అతికింపు ఎక్కువ భాగం వాడే చేశాడు, అది నేను చేశానని చెప్పుకోను. ఆ బోర్డులో ఏ మీటకి ఏ అక్షరమో రాసింది మాత్రం నేను. తెలుగు టైపుకి సరిపోయేది ఎవరూ చేసి పెట్టలేదు. ఎడమ సగాన్ని అద్దంలోలా తిప్పి కుడి వేళ్ల కింద పరిచాను. గుణింతాలు ఒకచోట, ఒత్తులు ఒకచోట కుదరక ఎన్నోసార్లు చెరిపి రాశాను. తప్పు చేస్తే క కొడితే ళ పడేది. అత్తయ్య "ఇదేం చదువే" అని నవ్వేది.

నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు, అనుకున్నంత తేలికా కాలేదు. ఎడమ చేతికి తెలిసినవన్నీ కుడి చేతికి ఎక్కడో తెలిసే ఉన్నట్టున్నాయి. వేళ్లు వాటంతటవే వెళ్లేవి. అయితే బొటనవేలు మీట వదలడం మర్చిపోయేది. వారం చివరికి మణికట్టు వాచింది. కాపడం పెట్టుకుని రెండు రోజులాగి మళ్లీ కూర్చున్నాను.

శ్రావణం ముహూర్తాల ముందు ఒక ఉదయం దాన్ని చేతిసంచిలో వేసుకుని ప్రెస్సుకి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఫోన్ చేసి చెప్పనూ లేదు. రెండో సిస్టమ్ ముందు కూర్చుని, వైరు తగిలించి, ట్రేలో పైన ఉన్న కాగితం తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. ఓణీల ఫంక్షన్ కార్డు. టకటకమని ప్రెస్సంతా మోగింది. ఓనర్ ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. అంతకు ముందులా ఊపిరి బిగబట్టి చూసేంత నెమ్మదిగా లేను. పూర్వంలా వేగంగానూ లేను. మధ్యరకం. కార్డు పూర్తయింది, తప్పులు దిద్దాను, ప్రింట్ ఇచ్చాను. రెండోది తీసుకున్నాను.

కాసేపటికి ఒంగోలు ఆవిడ చెవులు మూసుకుని, "అక్కా, ఏమనుకోకండి, ఆ చప్పుడుకి నాకు తలనొప్పి వస్తోంది" అంది.

ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పడిపోయిన దగ్గర్నుంచి నా మీద ఫిర్యాదు చేసిన మొదటి మనిషి ఆవిడే. "అలవాటవుతుందిలేమ్మా" అన్నాను. "నాకు కాదు" అంది. నవ్వుకున్నాం. తర్వాత కీబోర్డు కింద పాత దుప్పటి ముక్క వేశాను, కొంచెం తగ్గింది. ఇప్పటికీ మా ఇద్దరికీ ఆ గొడవ ఉంది.

ఓనర్‌కి మాత్రం వేరే ఆలోచన వచ్చింది. మధ్యాహ్నానికి లోకల్ ఛానల్‌కి వార్తలిచ్చే తన స్నేహితుణ్ని పిలిచాడు. ఆయన కెమెరా పట్టుకుని వచ్చాడు. నా కీబోర్డు చూశాడు, అంతా విన్నాడు, ఉత్సాహపడిపోయాడు. "అమ్మా, బ్రహ్మాండం. పనికిరాదని పారేసిన కీబోర్డు, పనికిరాదని పక్కన పెట్టిన మనిషి! రెండూ మళ్లీ లేచాయి! మీరు ఆ ఎడమ చెయ్యి టేబుల్ మీద కనపడేటట్టు పెట్టండి. మీ అత్తగారిని పిలిపిస్తే ఆవిడ మీ కన్నీళ్లు తుడుస్తున్నట్టు ఒక షాట్..."

"నాకు కన్నీళ్లు రావడం లేదండీ."

"వస్తాయమ్మా, గతం తలుచుకోండి."

"నన్ను ఎవరూ పారేయలేదు. నేను కుప్పలోంచి లేచి రాలేదు. నాకు జబ్బు చేసింది, పనికి తగ్గ సామాను చేసుకుని పనిలోకి వచ్చాను. తీస్తే ఈ స్విచ్చులు ఎట్లా ఊడదీయాలో తీయండి, చూపిస్తాను. ఎవరికైనా పనికొస్తుంది. నా చెయ్యి తీయొద్దు."

"స్విచ్చులు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడాయన నిజాయితీగా.

"అయితే వద్దు."

ఆయన ఓనర్ వైపు చూశాడు. ఓనర్ మొహం చిన్నబోయింది. "మీ మంచి కోసమే కదమ్మా" అన్నాడు.

"నా మంచి కోసమైతే రేపట్నుంచి నేను పనిలోకి వస్తున్నాను. కౌంటర్లోకి కాదు, ఈ సిస్టమ్ దగ్గరికి. పూటకి ఎన్ని కార్డులవుతాయో అన్ని చేస్తాను. పాత లెక్కన పరిగెత్తలేను, అది ముందే చెప్తున్నాను. కుదరదంటే కుదరదని చెప్పండి, ఇంకో ప్రెస్సుకి వెళ్తాను. పేటలో ప్రెస్సులకి కొదవ లేదు."

ప్రెస్సులో మళ్లీ చప్పుడాగిపోయింది. ఈసారి నాకు ఏమీ అనిపించలేదు. ఓనర్ కాసేపు గోడ మీద క్యాలెండర్ చూశాడు. ముహూర్తాలు అందులోనే ఉన్నాయి కదా. "సరే రండి" అన్నాడు. నేను థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాలని ఇప్పటికీ అనిపించలేదు. పని అడిగాను, పని ఇచ్చాడు.

అప్పట్నుంచీ పనిలోనే ఉన్నాను. చెయ్యి రాలేదు, రాదు. చలికాలంలో భుజం పీకుతుంది. కొన్ని మాసాల్లో అలసట ఎక్కువై సెలవు పెడతాను. బస్సులో కొత్తవాళ్లు లేచి సీటిస్తే కూర్చుంటాను, కూర్చోకపోవడానికి నాకేం పట్టుదల లేదు. ఎవరైనా "మీరు మాకు ఆదర్శం" అంటే మాత్రం "మీకేం పని వచ్చు?" అని అడుగుతాను. చాలామంది అక్కడితో ఆపేస్తారు.

మొన్న ఎండాకాలం పిడుగురాళ్ల నుంచి ఒకాయన వచ్చాడు. సున్నపు బట్టీల దగ్గర గుమాస్తా. క్రషర్ బెల్టులో కుడి చెయ్యి పోయింది. మా తమ్ముడి కొట్టుకొచ్చిన ఎవరి ద్వారానో విన్నాడట. భార్య వెంట వచ్చింది. ఆయనకి కావలసింది ఎడమ చేతి కీబోర్డు, నాది పనికిరాదు. అయినా కూర్చోబెట్టి నాది కొట్టి చూడమన్నాను. కొట్టాడు. "బాగాలేదండీ" అన్నాడు. భార్య కంగారుపడి మోచేత్తో పొడిచింది. "ఉన్నమాట చెప్పనీ అమ్మా" అన్నాను. బొటనవేలి మీట తనకి చాలా గట్టిగా ఉందన్నాడు. అంకెలే ఎక్కువ కొడతాను కాబట్టి అవి దగ్గరగా ఉండాలన్నాడు. చెప్పేది తెలిసి చెప్తున్నాడు.

స్విచ్చులు మిగిలే ఉన్నాయి. మా అత్తయ్య వాటిని హార్లిక్స్ సీసాల్లో రకాల వారీగా పోసి అటక మీద పెట్టింది. ఇప్పుడామెకి చూపు ఆనడం లేదు, అయినా స్విచ్చు వేళ్ల మధ్య నొక్కి చెప్పేస్తుంది ఏ సీసాలోదో. ఆయన్ని వసారాలో కూర్చోబెట్టి ఒక్కో స్విచ్చూ చేతికిచ్చి, "ఇది మెత్తగా ఉందా? ఇదో?" అని అడిగింది. ఎంచుకోవడానికే పూటంతా పట్టింది.

ఆయన కీబోర్డు ఇంకా పూర్తి కాలేదు. అంకెలు పై వరసలో ఉండాలని నేను, కాదు పక్కకి ఒక గడిలాగా ఉండాలని ఆయన. ఫోన్‌లో రెండుసార్లు గట్టిగానే వాదించుకున్నాం. ఆయన మాటే నెగ్గేట్టుంది. వాడేది ఆయన కదా. రేకు మళ్లీ కోయించాలి.

వెల్డింగ్ షాపువాడు ఈ నెలాఖరుదాకా కుదరదన్నాడు. రేపు వెళ్లి వాడి దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటాను.